పొయ్యి ఆపిన ఆదివారం

డార్లీన్ మాంసం ఓవెన్‌లో పెట్టి మీట నొక్కగానే ఇల్లంతా కరెంటు పోయింది. గరాజ్‌లో హోరుమంటున్న ఎనిమిది కంప్యూటర్లూ ఒక్కసారిగా మూగబోయాయి. పొద్దుటి నుంచి చేసిన లెక్కంతా గాల్లో కలిసిపోయింది.

అవేమీ గొప్ప యంత్రాలు కావు. టెనసీ రాష్ట్రంలో ఏ కొట్లోనైనా దొరికే మామూలు పెట్టెలు. డార్లీన్ వాటిని తీగలతో కలిపి, తామున్న లోయ పటాన్ని ముక్కలు చేసి, తలా ఒక ముక్క అప్పగించింది. ఒక్కొక్కటీ తన ముక్క లెక్క చూసుకుని, అంచు దగ్గర నీళ్ళెటు మళ్ళాయో పక్కదానికి చెబుతుంది. ఊరి ఫ్యాక్టరీ వ్యర్థాలు పూడ్చిన గోతుల్లోని విషం భూమి కింద ఏ బావి వైపు నడుస్తోందో సోమవారం ఊరి సభలోగా తేలాలి. తను పనిచేసే యూనివర్సిటీలోని పెద్ద యంత్రం మీద ఆమె వంతు ఏనాడూ రాలేదు. "ముందు మనవాళ్ళ పనులు కానీ డార్లీన్, నీ నీళ్ళెక్కడికి పోతాయి?" అనేవాడు విభాగాధిపతి హార్లన్. ఆమె తేల్చాలనుకున్నది సరిగ్గా అదేనని ఆయనకెప్పుడూ తట్టలేదు. మీటింగుకి కేకు తెమ్మనడం మాత్రం మరిచేవాడు కాదు. తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ తన మీద తనకే ఒళ్ళు మండేది. ఇంట్లో చెప్పుకుంటే, "నిన్నెవరు వద్దన్నారు? వంటయ్యాక చేసుకో" అనేవాడు భర్త వేన్. వంటయ్యాక అంట్లు, అంట్లయ్యాక బట్టలు. ఆ 'అయ్యాక' ఏ పటంలోనూ కనబడేది కాదు.

వేన్ ఫ్యూజు మార్చి వచ్చాడు. "రెండూ కలిపి ఈ పాత ఇల్లు మోయలేదు. ఆ డబ్బాలు కట్టెయ్. అమ్మ ఆకలితో కూర్చుంది."

డార్లీన్ ఓవెన్ మీట కట్టేసి, లెక్క మళ్ళీ మొదలుపెట్టడానికి గరాజ్ వైపు నడిచింది. "రొట్టె, జున్ను ఉన్నాయి వేన్. కోసి పెట్టు."

"నేనా?"

"చేతులున్నాయిగా నీకు!" హాల్లోంచి కేకేసింది అత్తగారు ఐడా.

సాయంత్రానికి తెర మీద లోయంతా రంగులు పరుచుకున్నాయి. విషం బడి బావి వైపే వెళుతోంది, కానీ ఇంకా దూరంలోనే ఉంది. ఆ బావి మూయించడానికి కావలసినంత వ్యవధి ఉంది. డార్లీన్ ఆనందం పట్టలేక కెవ్వున అరిచి, రొట్టె పొడి చేతులతోనే ఉన్న వేన్‌ని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. అతనికీ నవ్వాగలేదు.

ఐడా గరాజ్‌లో కుర్చీ వేయించుకుని, జున్ను రొట్టె నములుతూ ఆ రంగులకేసి చాలాసేపు చూసింది.

"ఎన్నేళ్ళు వండానమ్మాయ్," అంది. "పొయ్యి ఆపెయ్యొచ్చని ఒక్కనాడైనా తోచలేదే!"