నూనెగుడ్డకు పోని నీలం

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని పక్కన కాపురముండే ఆడవాళ్లకు లేవగానే ఒక పని. కొబ్బరినూనెలో గుడ్డ ముంచి పిల్లల మూతులు తుడవడం. తలుపులెంత బిగించినా బొగ్గుదుమ్ము లోపలికి వచ్చి పెదవుల చుట్టూ పేరుకుంటుంది.

ఆ పొద్దున గ్లోరియా కూడా చంటి కొడుకు జశ్వంత్‌ను ఒళ్లో వేసుకుని తుడుస్తోంది. మొన్నటి నుంచి వాడికి జలుబు. మొగుడు ఫస్టు షిఫ్టుకు వెళ్లాడు. నర్సింగు చదివే ఆడబిడ్డ సంధ్యారాణి, పరీక్ష దగ్గరపడి, గదంతా తిరుగుతూ పాఠం అప్పజెప్పుకుంటోంది.

“సింప్టమ్ అంటే రోగి చెప్పేది. సైన్ అంటే మనకు కనపడేది.”

“నర్సమ్మా, జర మెల్లగ! పోరడు బెదురుతడు.”

“బెదిరేది వాడు కాదు వదినా, నువ్వే. నీ ఫికర్ క్రానిక్.”

“అంటే?”

“పోకుంట పట్టుకోని కూసునే రోగం.”

గ్లోరియా నవ్వలేదు. కొడుకు పెదవుల మీది నీలపు మసక నూనెగుడ్డకు రావడం లేదు. మళ్లీ తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. చెప్తే సంధ్య మళ్లీ ఎగతాళి చేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది. కానీ మనసు ఊరుకోలేదు.

“సంధ్యా, ఈ దుమ్ము పోతలేదే.”

సంధ్య వచ్చి పిల్లవాడి నోరు తెరిచి చూసింది. నాలుక కూడా నీలంగానే ఉంది.

“నాలుక మీద దుమ్మెట్ల పడ్తది వదినా? ఇది దుమ్ము కాదు, సైనోసిస్. నెత్తుర్ల ఆక్సిజన్ తక్కువైంది.” వాడి అంగీ ఎత్తి చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. “నడువు, జల్ది!”

ఆటో దిగి దవాఖానలోకి పరుగెత్తారు. నర్సు వెంటనే ఆక్సిజన్ పెట్టింది. డాక్టరు స్టెతస్కోపు ఆనిస్తూ, “ఎట్ల మొదలైంది?” అని సంధ్యను అడిగాడు.

“నాకంటె మా వదినకే ఎరుక సార్. కండ్లల్ల పెట్టుకోని చూస్కుంటది.”

ఎనిమిదితో చదువు ఆగిపోయిన గ్లోరియాకు డాక్టర్ల ముందు నోరు పెగలదు. కానీ కొడుకు ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. “మొదలు ముక్కు కారింది సార్. నిన్నటి సంది పాలు సగంల ఇడిశిపెడ్తుండు. రాత్రి పిల్లికూతలు. పొద్దుగాల గీ రంగు,” అని వరుసగా చెప్పేసింది.

“మంచిగ చెప్పినవమ్మా. జలుబు లోపలికి దిగి సన్నటి గాలిగొట్టాలు వాచినయి. వాపు తగ్గుతది, గాలి ఆడుతది. టైముకే తెచ్చిన్రు.”

“నేను దుమ్మనుకున్న సార్...”

“ఈడ ఎవలైన గట్లనే అనుకుంటరు వదినా,” అంది సంధ్య, ఆమె భుజం పట్టుకుని.

మధ్యాహ్నానికి పెదవులకు ఎరుపు తిరిగింది. మరునాటికి నర్సు ఆక్సిజన్ తగ్గించి, పాలివ్వమంది. గ్లోరియా బిడ్డను చేరదీసుకుంది. రెండు గుటకలకే వదిలేస్తాడేమోనని వాడినే చూసింది. వాడు వదల్లేదు. కళ్లు మూసుకుని, పిడికిలితో ఆమె కొంగు పట్టుకుని, కడుపునిండా తాగాడు.