రొట్టెలో ఇసుక

రొట్టె కొరికితే ఇసుక.

పళ్ల మధ్య కరకర. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కినా సరే... ఉత్తరపు గాలి లేచిందంటే మా వంటింట్లోకి పిలవని చుట్టంలా వచ్చేస్తుంది.

ఐస్‌లాండ్‌లో మా గొర్రెల దొడ్డి వెనక ఒక మెట్ట. ఆ మెట్ట మీద పాత నేలంతా కొట్టుకుపోగా ఒక్క దిబ్బ మిగిలింది. మనిషెత్తు మట్టి, పైన పచ్చిక, దాని మీద మూడు బర్చ్ చెట్లు. చుట్టూ రాళ్లే. ఏటా గాలి దాన్ని కొంచెం కొంచెం కొరుకుతోంది. అది కూడా పోతే ఇసుక నేరుగా మా గడ్డి పొలం మీదికే. గడ్డి లేకపోతే చలికాలం మేత లేదు. మేత లేకపోతే మేం లేం.

మా నాన్న థోర్గిల్స్‌కి ఎనభై రెండేళ్లు. ఆయన లెక్కన జూన్ రాగానే మంద మేతకి మెట్టెక్కాలి. ముందు మోకొల్లా — దారి చూపే ముసలి గొర్రె. ఈ గొర్రెల్ని ఆపుదామని మూడేళ్లుగా అడుగుతున్నాను. గాలి చేసిన దానికి గొర్రెల్ని శిక్షిస్తావా అంటాడు.

మొండివాడు. నేనూ ఆయన కూతుర్నే.

మే నెలలో దిబ్బ చుట్టూ కంచెకి గుంటలు తవ్వుతున్నాను. కర్ర పట్టుకుని వచ్చాడు.

"గాలికి కంచె కడుతున్నావా, అమ్మాయ్?"

పారకి నల్లగా ఏదో తగిలింది.

మట్టి కాదు. బొగ్గు. గొయ్యి నిండా కట్టెబొగ్గు... కొన్ని పుల్లల మీద బెరడు ఇంకా అలాగే ఉంది.

నాన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక పుల్ల తీసి వేళ్ల మధ్య నలిపాడు. ఆయనకి చెప్పక్కర్లేదు. పూర్వం గడ్డి కోసే పొడుగు కొడవళ్లు మొద్దుబారితే నిప్పులో కాల్చి పదును కొట్టేవారు. ఆ నిప్పుకి బొగ్గు. బొగ్గుకి చెట్లు. ఏటా, ఇంటింటా. చెట్లు పోయాయి, వేళ్లు పోయాయి. మిగిలిన పచ్చికని గొర్రెల డెక్కలు చీల్చాయి.

గాలి ఆఖర్న వచ్చింది.

నల్లబడ్డ వేళ్లు చూసుకుంటూ అన్నాడు:

"దానికి తలుపు తీసింది మనవాళ్లేనే."

జూన్ వచ్చింది. పక్కవాళ్ల మందలు మెట్టెక్కుతున్నాయి. మోకొల్లా గేటు దగ్గర నిలబడి అరుస్తోంది. నాన్న చెయ్యి గడియ మీద ఉంది.

గొలుసు వేశాడు.

"ఈ ఏడు వద్దులేవే, ముసలిదానా. నాకూ కాళ్లు లాగుతున్నాయి."

మెట్ట లేకుండా అన్నిటికీ మేత చాలదు. సగం మందని అమ్మేశాం. ఏవి పోవాలో ఆయనే చూపించాడు, చూపించి లోపలికెళ్లిపోయాడు. మోకొల్లాని మాత్రం ఉంచాడు.

శరదృతువులో ఆ మూడు చెట్ల గింజలు దూశాం. నాన్న తన టోపీలో పట్టాడు. బోడినేల మీద చల్లి, బూజు పట్టిన ఎండుగడ్డి కప్పాం. వసంతానికి మొలకలు... గోరంత ఆకులతో.

వాటి నీడలో నాన్న కూర్చోడు. నేనూ కూర్చోనేమో. అయినా పెరుగుతాయి. నాకు అనుమానం లేదు.

ఈ ఉదయం మళ్లీ ఉత్తరపు గాలి.

నాన్న రొట్టె కొరికి ఆగాడు. నాలుక మీది ఇసుక రేణువుని వేలితో తీసి కంచం అంచున పెట్టాడు. తేరిపార చూశాడు.

"తగ్గింది," అన్నాడు.

నేనూ కొరికాను.

కరకర.

తగ్గిందో లేదో... ఇంకో ముక్క కొరికాను.