జేబులో ఉల్లిగడ్డ

రేకుల వరండాలో కూర్చుని వాసంతి కండెలు చుడుతోంది. మగ్గం ఆడాలంటే నూలు కండె కావాలి, కండె కావాలంటే ఆమె చెయ్యి తిరగాలి. అయినా కాశిబుగ్గలో ఎవరడిగినా రమాకాంత్ "మా ఆమె ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది" అంటాడు. ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ మగ్గం గదిలోనే. ఏం చెయ్యని మనిషికి చల్లగాలి ఎందుకు?

పొద్దున ఆమె ఒక్క మాటే అన్నది. మే నెలలో పదకొండింటికి కబడ్డీ క్యాంపేమిటి, తేజస్వినికి తొమ్మిదేళ్లే కదా అని. "అందరి పిల్లలు పోతాండ్రు. మన పిల్లకే తగుల్తదా ఎండ? డిగ్రీ చదివి గింత భయమా?" అన్నాడు రమాకాంత్. అత్త పోశవ్వ మనవరాలి జేబులో ఉల్లిగడ్డ పెట్టింది. "ఇగ వడదెబ్బ దగ్గరికి రాదు, ఫికర్ చెయ్యకు. ఆట నడుమ నీళ్లు మాత్రం తాగకు బిడ్డా, కడుపుల పట్టేస్తది." ఈ ఇంట్లో బీయస్సీ కన్నా ఉల్లిగడ్డ మాటే చెల్లుతుంది.

ఒంటిగంటకు ఆటోవాలా పిల్లను ఎత్తి దింపాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. చుక్క చెమట లేదు. తల్లి ముఖంలోకి చూసి, "టీచర్, నేను ఔట్ కాలే" అన్నది.

వడదెబ్బే అని వాసంతికి అర్థమైంది. పోశవ్వ దుప్పటి తెచ్చింది. "జరం. నిండ కప్పు, చెమట వడ్తది."

"తియ్యి అత్తమ్మా."

108కి ఫోన్ చేస్తూనే పిల్లను మగ్గం గదిలోకి ఎత్తుకెళ్లి, కూలరు ముందు పడుకోబెట్టి, బకెట్ నీళ్లు మెడ మీదా ఒంటి మీదా గుమ్మరించింది. నీళ్లు చిమ్మి సగం నేసిన జంపఖానా మీద పడ్డాయి. ఎరుపు తెలుపులోకి పాకింది.

"పిచ్చి లేసిందా నీకు? నెల రోజుల పని" అన్నాడు రమాకాంత్, మగ్గానికి అడ్డం నిలబడి.

"బకెట్ నింపుకొని రా."

ఆ గొంతు అతను ఎన్నడూ వినలేదు. నింపాడు. మళ్లీ నింపాడు. తేజూ, తేజూ అని పిలుస్తూ ఆమె తడి తువ్వాలతో విసురుతూనే ఉంది. పిల్ల పలకడం లేదు. అంబులెన్సు మోత వినిపించేదాకా ఆమె చెయ్యి ఆగలేదు.

సాయంత్రం దవాఖానలో పిల్ల కళ్లు తెరిచి "అమ్మా" అన్నది.

పోశవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఉల్లిగడ్డ ఉండవట్టి బతికింది."

వాసంతికి నవ్వొచ్చింది. ఏడవడానికి ఓపిక లేదు మరి.

"రేపు పదకొండింటికి గ్రౌండుకు పోత" అన్నది.

"పిల్ల ఈడుంటే ఆడ నీకేం పని? కండెలెవరు చుడతరు?" అన్నది పోశవ్వ.

వాసంతి పిల్ల తడి బట్టల జేబులోంచి ఉల్లిగడ్డ తీసి అత్త చేతిలో పెట్టింది. "దీన్నే అడుగు అత్తమ్మా."

రేపు ఆ ఎండలో ఆడడానికి ఇంకా ముప్పై మంది పిల్లలున్నారు. వాళ్ల జేబుల్లోనూ ఉల్లిగడ్డలే.