పదో క్యాసెట్

టేప్‌రికార్డర్ హెడ్ మీద పేరుకున్న గోధుమరంగు మసిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తున్నాడు షరీఫ్. మసి పోతే గొంతు తేటపడుతుంది. షాద్‌నగర్ బస్టాండు ఎదుట అమరేందర్ క్యాసెట్ల దుకాణంలో పద్నాలుగేళ్లుగా ఆయన పని ఇదే. పాడైన సెట్లు బాగుచేస్తాడు, అడిగినవాళ్లకు కాపీలు తీసిస్తాడు. సన్నటి మనిషి. స్పిరిట్‌కు చర్మం పాలిపోయిన వేళ్లు. తన చేతి కాపీలో గరగర ఉండదని ఆయనకు గర్వం.

ఆ ఉదయం కాలేజీ పిల్లలు ముగ్గురు వచ్చారు. పోయిన వారం పది కాపీలు తీయించుకున్న క్యాసెట్‌కే ఇంకో పది కావాలన్నారు. అప్పుడు పని తొందరలో ఆయన వినకుండానే తీసిచ్చాడు. ఈసారి శబ్దం సరిచూద్దామని మీట నొక్కాడు.

ఒక ఆడపిల్ల క్లాసులో పాఠం చదువుతోంది. ప్రతి వాక్యం మొదట్లో మాట ఇరుక్కుంటోంది. ఇరుక్కున్నప్పుడల్లా నవ్వులు. ఒకడు గొర్రెలా అరిచాడు. "బీరమ్మా, మళ్ల చదువు" అన్నాడు ఇంకొకడు.

షరీఫ్ ఆపేశాడు. ఆ పిల్ల గొర్లు మేపుకునే గుర్వయ్య బిడ్డ. మా ఇంట్ల కాలేజీకి పోయింది ఇదొక్కతేనని, రేడియో బాగుచేయించుకోను వచ్చినప్పుడల్లా గుర్వయ్య చెప్పేవాడు.

"గిది నేను చెయ్య" అంటూ క్యాసెట్‌లోని టేపంతా గుంజి కత్తిరించాడు. సేటుకు చెప్తామని బెదిరించి పిల్లలు వెళ్లిపోయారు.

పక్క హోటల్లో అడిగితే తెలిసింది. ఆ టేపు బస్సుల్లో కూడా పెడుతున్నారట. అది విని బీరమ్మ నడిదారిలో బస్సు దిగి ఇంటికి నడిచిపోయిందట. నాలుగు రోజులుగా కాలేజీ లేదు, సరిగ్గా తిండి లేదు. ఎవరితోనూ ఒక్క మాట లేదు.

షరీఫ్ దుకాణం మూసి, ఆ పది కాపీలూ వెనక్కి తేవడానికి బయల్దేరాడు. హోటల్లో ఒకటి, హాస్టల్లో ఐదు, డ్రైవర్ల దగ్గర మూడు. కొందరిని బతిమాలాడు, ఒకచోట జగడమాడాడు. తొమ్మిది దొరికాయి. పదోది ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా బీరమ్మ వాళ్ల పల్లెకు చేరాడు. గుర్వయ్య మందను దొడ్లోకి తోలుతున్నాడు. బీరమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు సంచి దింపాడు.

"బిడ్డా, గివి నా చేతులతోని చేసినయే. వినకుంట చేసిన, తప్పు నాదే. తొమ్మిది తెచ్చిన. ఒక్కటి దొరకలే."

ఆమె సంచి విప్పి చూసింది. పెదవి కదిలింది, మాట రాలేదు. గుర్వయ్య మాట అందించబోతే షరీఫ్ చెయ్యెత్తి ఆపాడు. ఇద్దరూ ఆమె కోసం ఆగారు.

"దొ... దొరకకున్నా కాలేజీకి పోత బాపూ. రే... రేపే పోత."

గుర్వయ్య తలరుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

తిరిగొచ్చేసరికి అమరేందర్ దుకాణంలో ఉన్నాడు. గిరాకీని తరిమి, దినమంతా తాళం వేసినందుకు రేపటి నుంచి రావద్దన్నాడు. షరీఫ్ తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

తెల్లారి బస్టాండులో నిలబడ్డాడు. బీరమ్మ బస్సు దిగింది. వెనక ఎవడో గొర్రెలా అరిచాడు. ఆమె తిరిగి, వాడు తల దించుకునేదాకా చూసి, కాలేజీ దారి పట్టింది. షరీఫ్ ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని కల్వకుర్తి బస్సెక్కాడు. అక్కడ ఆయన బావమరిది యాకూబ్‌కు చిన్న రేడియో దుకాణముంది.

అమరేందర్ కౌంటర్ మీద ఒక స్క్రూడ్రైవర్ మిగిలింది. అది దుకాణానిదని షరీఫ్ తీసుకుపోలేదు. దాని కర్రపిడి మీద, ఆయన బొటనవేలు ఆనినచోట, నున్నటి గుంట.