ఎనిమిది బెజ్జాలు

నేను ఒక పసుపుపచ్చ కయాక్‌ని, ఒక్కరు కూర్చుని తెడ్డేసుకునే చిన్న పడవని. ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి, కాల్చి, తిప్పితిప్పి నన్ను చేశారు. మీద పడ్డ కెరటం నీళ్లు కిందికి జారిపోవడానికి నాకు ఎనిమిది బెజ్జాలు పెట్టారు. నా ఒళ్లంతా గాలి గుల్ల కనుక వాటివల్ల మునగను.

ఋషికొండ దగ్గర ఒక క్లబ్బులో ఆరేళ్లు ఊడిగం చేశాను. సముద్రం చూడడానికి వచ్చినవాళ్లు దానికి వీపు పెట్టి ఫొటోలు దిగేవారు. రాళ్లకు గీరుకుని, రంగు వెలిసి, నాకే అలుపొచ్చింది. షెడ్డు వెనక పడేస్తే మంగమారిపేట మాసేను కొనుక్కున్నాడు. మోకాలు అరిగి పెద్ద పడవల్లో వల లాగలేకపోతున్నాడు. రాళ్ల వెంబడి ఒక్కడే ఆలిచిప్పలు ఏరుకుని బతుకుదామని అతని ఆశ.

అతని మామ బండయ్య పడవల చిల్లులు పూడ్చడంలో చెయ్యి తిరిగినవాడు. ఫైబర్ పడవలొచ్చి, చేతులకు వణుకూ వచ్చాక, రెండేళ్లుగా ఆయన్ను పిలిచిన నాథుడు లేడు. నన్ను బోర్లా తిప్పి చూసి, ఇవి ఎవరో కుర్చీలు బిగించి పాడుచేసిన కన్నాలని తేల్చేశాడు. చిల్లు కనబడితే ఆ చెయ్యి ఊరుకోదు మరి. మూడు రోజులు కూర్చుని దూదీ గుగ్గిలమూ కూరి, చెక్క బిరడాలు కొట్టి ఎనిమిదీ పూడ్చాడు. ఆ మూడు రోజులూ నాన్న కడుపునిండా తిన్నాడని ఆయన కూతురు, మాసేను పెళ్లాం, మురిసిపోయింది. నాకు నోరుంటే వద్దని మొత్తుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే నల్లరాళ్ల వైపు వెళ్లాం. రెండు కెరటాలు వరసగా నామీద విరిగాయి. వచ్చిన నీరు వచ్చినట్టే ఉండిపోయింది. తెడ్డు ఎంత వేసినా కదలను. రాళ్లు దగ్గరపడుతున్నాయి. భయం వేసింది, దాచడం దేనికి. మాసేనుకు సంగతి అప్పుడు తెలిసింది. చిప్పలు ఊడదీసే ఉలితో బిరడాలను కిందికి పొడిచాడు. మూడోది ఊడేసరికి నీళ్లు గుడగుడా దిగిపోయాయి. బతికి బయటపడ్డాం.

దారంతా అతను మామకోసం తిట్లు కూడబెట్టుకున్నాడు. అన్నీ విన్నాను. ఒడ్డున ముసలాయన ఎదురొచ్చి నా అంచు పట్టుకున్నాడు.

"కిందనించి నీరెక్కిందేటి బాబూ?"

మాసేను ఉలిని మొలలో దోపుకున్నాడు.

"సుక్క రానేదు మావా. మూడు బిరడాలు రాయి తగిలి ఊడిపోనాయి. మళ్లీ కొట్టు."

సాయంత్రానికల్లా కొట్టేశాడు, ఇంకా గట్టిగా. బిరడాలతో వెళ్తే ప్రాణం దక్కదు, తీసేస్తే ముసలాయనకు తెలిసిపోతుంది. అందుకని ఇంట్లో చేపలకు తొట్టి లేదన్న సాకు చెప్పి, మాసేను నన్ను పాక ముందే ఉంచేశాడు. ఇప్పుడు నాలో మంచుగడ్డలూ చేపలూ వేస్తారు.

బండయ్య రోజూ నా కింద ఇసుక తడిమి, పొడిగా ఉందని దారినపోయే వాళ్లందరికీ చూపిస్తాడు. అవునవును, మా మావ చెయ్యంటే మాటలా అంటాడు మాసేను. మోకాలికి గుడ్డ బిగించుకుని, పెద్ద పడవలో వల లాగడానికి కుంటుకుంటూ వెళ్తాడు.