పేషెంటు వేషం

ఏటి ఒడ్డు వీధిలో ఒకప్పుడు ఆదివారాలు ఎలా గడిచేవో చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. టైలరమ్మకు మాత్రం ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

అప్పట్లో ఆమెది కొత్త కాపురం. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో అత్తగారు. వానాకాలం వస్తే ఏరు గుమ్మాల దాకా వచ్చి తొంగిచూసి పోయేది. ఒక ఏడాది తొంగిచూడడంతో సరిపెట్టుకోక లోపలికే వచ్చి కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక జనం తలోదిక్కూ పరుగెత్తారు. నీళ్ళు తీశాక ఎదురింటావిడ వీధి మధ్యలో నిలబడి, "ఈసారి వచ్చేసరికి మనకు పని తెలిసుండాలి. ఆదివారం పొద్దున్నే అందరూ బడి దగ్గరికి రండి" అంది. ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిక్కిరిసిన బస్సులో వెనక సీట్లో నిద్ర నటించేవాణ్ణి కూడా లేపి టికెట్టు కొనిపించిన గొంతు. అందుకే అందరూ మైకక్క అనేవారు.

పిలుపు వీధంతా వినబడింది కానీ వచ్చింది కొద్దిమందే. ఫైర్ స్టేషన్‌లో పనిచేసే మైకక్క తమ్ముడు వాళ్ళకు పని నేర్పాడు. ఇసుక బస్తాలు గుమ్మానికి ఎలా పేర్చాలి, నీళ్ళలో తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు ఎలా నడవాలి, నడవలేనివాళ్ళను బడి మేడ మీదికి ఎలా మొయ్యాలి, ఇవీ పాఠాలు. స్ట్రెచరుకు మందపాటి గుడ్డ కుట్టి, రెండు పక్కలా వెదురుకర్రలు దూరేలా చేసింది టైలరమ్మే. కుట్టిన పాపానికి అందులో పడుకునే పని కూడా ఆమె నెత్తినే పడింది.

"ప్రతిసారీ నేనేనా అక్కా పేషెంటుని?"

"మరి నన్ను మోస్తారా? నడుములు విరిగి వాళ్ళే పేషెంట్లవుతారు. నోరుమూసుకుని పడుకో. ఆఁ, మూలగడం మర్చిపోకు!"

నోరుమూసుకుని ఎలా మూలగాలో ఎవరికీ తెలియలేదు. పడీ పడీ నవ్వుకున్నారు.

ఇంట్లో అత్తగారు ఒప్పుకునేది కాదు. "నిక్షేపంలాంటి పిల్లవి, కాళ్ళు విరిగినట్టు పడుకోవడమేంటే? పైన తథాస్తు దేవతలుంటారు" అని దెప్పేది. అని ఊరుకునేదా? కిటికీలోంచి అంతా చూసి, కోడలు ఇంటికి రాగానే, "ఇవాళ నీ మూలుగు ఏం బాగాలేదు" అనేది.

వీధి మొదట్లో వాచీలు బాగుచేసే బాబాయ్ కొట్టు ఉండేది. బస్తాలు మోసుకుంటూ వీళ్ళు అటు వెళ్తే, కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే, "ఆలూ లేదు, చూలూ లేదు అన్నట్టుందమ్మా మీ వరస! చినుకే లేదు, అప్పుడే వరదా?" అనేవాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు.

వరద రానే వచ్చింది. మధ్యాహ్నం ఎండ ఉండగానే, ఎగువన పడ్డ వానకు ఏరు విరుచుకుపడింది. మైకక్క వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి అరుస్తూ తిరిగింది. గుమ్మాలకు బస్తాలు పడ్డాయి. తాడు పట్టుకుని పిల్లలూ పెద్దలూ బడికి నడిచారు. అందరికంటే ముందు నడిచింది అత్తగారే. ఎవరైనా తాడు వదిలితే ఆవిడే కసురుకుంది.

బాబాయ్ మాత్రం రాలేదు. గోడ గడియారాలు అటక మీదికి చేరుస్తూ స్టూలు మీంచి పడ్డాడు. కాలు విరిగింది. వీళ్ళు వెళ్ళేసరికి మోకాటిలోతు నీళ్ళలో బల్లకు ఆనుకుని ఉన్నాడు. స్ట్రెచరు మీదికి ఎత్తి బడి దాకా తెచ్చారు. మెట్ల దగ్గర కంగారులో కాళ్ళవైపు ముందుగా ఎక్కించబోయారు.

"ఆగండి!" అని అరిచింది టైలరమ్మ. "అటు తిప్పండి. తల పైకుండాలి. తలకిందులైతే కిందికి జారిపోతున్నట్టు గుండె ఆగిపోతుంది. ఆ బాధ నేను పడ్డాను కదా!"

తిప్పారు. ఏ మెట్టు దగ్గర కుదుపు వస్తుందో, ఏ మలుపులో ఒళ్ళు ఎటు ఒరుగుతుందో ఆమె ఒంటికి తెలుసు. పక్కనే నడుస్తూ ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, ఇప్పుడు మలుపొస్తుంది. కుడివైపు ఒరుగుతావు. పడిపోవు, భయపడకు."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, "కాస్త మూలగొచ్చా అమ్మా?" అన్నాడు.

"నీ ఇష్టం బాబాయ్. నీది నిజం మూలుగు కదా!"

మోసేవాళ్ళకు నవ్వొచ్చింది. ఆ నొప్పిలో ఆయనకూ వచ్చింది.

ఇళ్ళు పాడయ్యాయి కానీ, ఆ వీధిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. పోయింది మైకక్క గొంతు. చాలా రోజులు గుసగుసగానే మాట్లాడింది. ఆవిడ మాట వినడానికి అందరూ దగ్గరికి జరిగి కూర్చునేవారు. అంత మెత్తగా మాట్లాడే మైకక్కను చూస్తే టైలరమ్మకు ఎందుకో కళ్ళు చెమ్మగిల్లేవి. ఆ తర్వాత వీధి వీధంతా ఆదివారాలు బడికి వచ్చింది. బాబాయ్ కర్ర సాయంతో వచ్చి, కుర్చీలో కూర్చుని, "అలా కాదర్రా, తల పైకి!" అని అజమాయిషీ చేసేవాడు.

కొన్నేళ్ళకు ఏటికి పెద్ద కట్ట కట్టారు. నీళ్ళు మళ్ళీ గుమ్మం చూడలేదు. ఇప్పుడైతే మబ్బు పట్టకముందే ఫోన్లకు హెచ్చరికలొస్తున్నాయి. కట్ట వచ్చిన దగ్గర్నుంచే ఆదివారాలు బడికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ఒకరికి పెళ్ళిచూపులు, ఒకరికి నిద్ర. చివరి ఆదివారం మైకక్క, బాబాయ్, టైలరమ్మ మాత్రమే వచ్చారు. మోసే మనిషి లేడు. బడి మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు.

"నీళ్ళు రాకపోవడం మంచిదేగా" అంది మైకక్క.

"మంచిదే అక్కా."

అయినా ఎండ నెత్తి మీదికొచ్చేదాకా ముగ్గురిలో ఎవరూ లేవలేదు.