‘మళ్ళాను’ అన్న మాట

“ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కుళాయి బాగుచేసే అతను వస్తాడు, కాస్త చూసుకో,” అన్నాడు మా ఆయన, చెప్పులు వేసుకుంటూ. తప్పుగా అనలేదు. ఆయన ఏదీ తప్పుగా అనడు. అందుకే పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకు సరిగ్గా పోట్లాడే అవకాశమే దొరకలేదు.

ఆ రోజు మధ్యాహ్నంలోపు నేనొక పేజీ రాసి పంపాలి. కాలిన గాయాలకు మందులు కనిపెట్టడానికి మా పరిశోధనా సంస్థ కొత్త ప్రయోగశాల పెడుతోంది. దాన్ని నడిపేందుకు నా పేరు అనుకుంటున్నారు. ఇంటినుంచి కుదరదు, రోజూ వెళ్ళాలి. ఎంపిక సంఘం పెద్దాయన ముందురోజు ఫోన్ చేసి, “నానో టెక్నాలజీ, జీవపదార్థాలు, కంప్యూటర్‌తో మందుల వేట. మూడింటినీ ఎంత ముందుచూపుతో కలిపారమ్మా! ఆ ప్రయాణమంతా ఒక్క పేజీలో రాసివ్వండి, చాలు,” అన్నాడు. ముందుచూపు అనగానే నాకు నవ్వొచ్చింది. దగ్గుతో కప్పేశాను.

భోజనాల బల్లమీద ఒక చివర నా ల్యాప్‌టాప్, ఇంకో చివర ఇస్త్రీకి మడతపెట్టిన బట్టలు. తెరమీద రెండు రోజులుగా లెక్క నడుస్తోంది. కాలిన గాయంమీద చేరిన క్రిములు జిగట పొర కప్పుకుని దాని కింద దాక్కుంటాయి. ఆ పొర అల్లే ప్రోటీన్‌లో చిన్న గుంట ఒకటుంది. నాలుగు లక్షల అణువుల్లో ఏది ఆ గుంటలో సరిగ్గా ఇముడుతుందో వెతుకుతున్నాను. మా అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటాం, క్షణం నోరు మూయదు కనక. “మా అమ్మ ఏం చెయ్యదు, కంప్యూటరే చేస్తుంది, అమ్మ దానికి కాపలా,” అని అది బళ్ళో చెప్పిందట.

ముందు కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. “నానో రేణువులతో పరిశోధన ప్రారంభించాను. అనంతరం జీవపదార్థాల వైపు మళ్ళాను. ఆపై కంప్యూటర్ పద్ధతుల వైపు మళ్ళాను.”

అంతలో తలుపు చప్పుడు. కుళాయి అతను వంటగదంతా చూసి, “సార్ లేరామ్మా? లోపల మర పోయింది, సార్‌కి చెప్పాలి,” అన్నాడు. నాకు చెప్పమన్నాను. “మీకు అర్థం కాదులెండమ్మా,” అన్నాడు, పాపం ఎంతో మర్యాదగా. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే రేణువులో మందు కూరి, అది కారకుండా చూడటంమీద డాక్టరేట్ తీసుకున్నదాన్ని. కారే కుళాయి దగ్గర సార్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

సార్ ఉన్నప్పుడు వస్తానని అతను వెళ్ళాక మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను గానీ పేజీ కదల్లేదు. నానో రేణువులు నేను ఇష్టపడి ఎంచుకున్నవే. బంగారం అంత చిన్నదైపోతే ఎర్రగా మారుతుందని మొదటిసారి చూసినరోజు, ఆ సీసా వెలుతురుకు పెట్టుకుని అన్నం తినడం మరిచిపోయాను. తరువాత పిచ్చుక కడుపున పడింది. ప్రయోగశాలలో ద్రావకాల ఆవిర్లు పీల్చకూడదన్నారు. “బిడ్డకు ఏడాది నిండేదాకానే కదా,” అన్నాడు ఆయన, నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ. ప్రేమగానే అన్నాడు. ఆవిర్లు లేని పని ఏముందా అని వెతికితే పక్కగదిలో రొయ్యల పెంకుల నుంచి తీసిన పదార్థంతో గాయాలకు జెల్ చేసేవాళ్ళు కనిపించారు. అంతా నీళ్ళతో పని. అలా జీవపదార్థాల శాస్త్రవేత్తనయ్యాను. ఏడాది ఆరేళ్ళయింది. ఆ తరువాత అత్తయ్య జారిపడి తుంటి విరిగింది. “నీది మెదడుతో పని, ఎక్కడ కూర్చున్నా అవుతుంది. నా వంతెన ఇంటికి రాదుగా,” అన్నాడు వంతెనలు కట్టే మా ఇంజనీరు. నిజమే కదా, రాదు. అత్తయ్య మంచం పక్కన కూర్చుని చేయగల సైన్సు ఏదా అని వెతికి కంప్యూటర్ ముందు చేరాను. ఆవిడకు మందులిచ్చే వేళల మధ్య ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను.

మూడూ ఒకటేనని తట్టింది కూడా ఆ మంచం పక్కనే. కంప్యూటర్ వెతికిన మందు, దాన్ని మోసే రేణువు, రేణువుల్ని గాయంమీద పట్టి ఉంచే జెల్. ఆ క్షణంలో గట్టిగా అరిచాను. అత్తయ్య ఉలిక్కిపడి, “ఏమైందే, పాలు పొంగాయా?” అంది.

“ఏం రాస్తున్నావు, ఇలా తే,” అంటూ ఇప్పుడు ఆవిడే చేతికర్ర పట్టుకుని వచ్చింది. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. రాసిన కాగితం కనబడితే చెయ్యి ఊరుకోదు. పెన్సిలు తీసుకుని ‘మళ్ళాను’ అన్న రెండుచోట్లా సున్నా చుట్టింది.

“తప్పేముంది అత్తయ్యా?”

“వ్యాకరణం బాగానే ఉంది. మాటే అబద్ధం. నువ్వెక్కడ మళ్ళావు? మేం మళ్ళించాం.” పెన్సిలు చివర నా చేతిమీద ఆనించింది. “నా తుంటేదీ ఇందులో? నా పిచ్చుకేదీ? మమ్మల్ని ఇంత మోసి, తీరా అచ్చులోకి ఎక్కేచోట దించేస్తావా?”

నవ్వాను. నవ్వుతూనే కళ్ళు చెమర్చాయి. “ఇవన్నీ రాస్తే ఉద్యోగం ఇవ్వరు అత్తయ్యా.”

“ఇవ్వకపోతే పోనీ. నువ్వు చెప్పినట్టు ఆ పెద్దాయన నిన్ను ముందుచూపు గల దానివని పొగిడితే, రేపు నీ దగ్గర చేరే పిల్లలు తమకది లేదనుకుని ఏడుస్తారు. దిద్దు.”

దిద్దాను. ఏ మార్పు ఎందుకు వచ్చిందో, అక్కడ ఏం వదిలేశానో, ఏం దొరికిందో రాశాను. దొరికింది తక్కువేం కాదు, అదీ రాశాను. పంపాక కాఫీ పెట్టుకుని, చల్లారకముందే మొత్తం తాగాను.

సాయంత్రం మా ఆయన ఆ పేజీ చదివాడు. రెండోసారీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి, “నేను అడ్డుపడ్డానని నాకెప్పుడూ అనిపించలేదు,” అన్నాడు.

“నువ్వు అడ్డుపడలేదు. ప్రతిసారీ వంగింది నా దారే, అంతే.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “వాళ్ళు తీసుకుంటే… అమ్మ సంగతి ఎలా మరి?” అన్నాడు.

ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళూ జవాబు నేనే. ఆ పూట కూడా నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున్నే లేచి అన్నీ చేసి పెట్టి వెళ్తాను, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసిపోతాను, అని. పళ్ళు బిగపట్టి ఊరుకున్నాను. ఆ నిశ్శబ్దం మా ఇద్దరికీ కొత్త. ఆయన గోడమీద క్యాలెండర్ వైపు చూశాడు. వేళ్ళు మడిచి ఏవో వారాలు లెక్కపెట్టాడు. “మంగళ, గురువారాలు డ్రాయింగులు ఇంట్లో చూసుకోవచ్చు. మిగతా రోజులకు మనిషిని వెతుకుతాను. నేనే వెతుకుతాను,” అన్నాడు నెమ్మదిగా. లోపలి గదినుంచి అత్తయ్య, “నన్ను మరీ పసిపిల్లను చెయ్యకండిరా, నా మందులు నేను మింగగలను!” అని కేకేసింది.

వారం తరువాత సంఘం ముందు కూర్చున్నాను. అయిదుగురిలో పెద్దాయన తప్ప మిగిలినవాళ్ళు నా కళ్ళలోకి చూడటం లేదు. ఆయన నా పేజీని ముందు పెట్టుకుని కాసేపు తడబడ్డాడు.

“నిజాయితీగా రాశారమ్మా. అయితే ఒక అనుమానం. ఒక మార్పు పాపకోసం, ఒక మార్పు అత్తగారికోసం. ఈ ప్రయోగశాలకైనా ఎవరికోసం వస్తున్నట్టు?”

కిటికీలోంచి పక్క భవనంలో తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళు అటూ ఇటూ తిరగడం కనిపిస్తోంది. వాళ్ళలో ఒకమ్మాయి సీసా ఏదో వెలుతురుకు ఎత్తి చూస్తోంది. కాలిన ఒళ్ళతో ఎదురుచూసే రోగులకోసం అందామనుకున్నాను. అదీ నిజమే, పైగా వాళ్ళు వినాలనుకున్నదీ అదే.

“నాకోసం సార్,” అన్నాను. “ఈసారి నేనే మళ్ళాను.”